పెద్దవయసులో న్యుమోనియా టీకా: ఖర్చుకు తగిన మేలు ఉందా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ టీకా గురించి అడిగితే సాధారణంగా రెండు జవాబులు వినిపిస్తాయి. ఒకరు కళ్లు మూసుకుని వేయించుకోమంటారు. మరొకరు అదంతా మందుల కంపెనీల వ్యాపారమని కొట్టిపారేస్తారు. ఇద్దరూ లెక్క చూసి మాట్లాడరు. మేలు ఎంత, ఎవరికి ఎక్కువ, ఎవరికి తక్కువ, దానికి మనం చెల్లించేది ఏమిటి అన్నది తెలిస్తే నిర్ణయం ఎవరికి వారే తీసుకోగలరు. ఇంట్లో పెద్దవాళ్ల కోసం ఈ ప్రశ్నలన్నీ నేనూ వేసుకున్నాను. జవాబులు వెతికి, తూచి ఇక్కడ రాస్తున్నాను.

ఈ టీకా వేయించుకుంటే ఇక న్యుమోనియా రాదా?

రావచ్చు. చాలామంది పొరబడేది ఇక్కడే, ఆ పొరపాటుకు సగం కారణం పేరే. న్యుమోనియా అంటే ఊపిరితిత్తుల్లోని గాలి గదులు చీముతో, నీటితో నిండిపోవడం. దానికి కారణం బ్యాక్టీరియా కావచ్చు, ఫ్లూ, కరోనా, ఆర్‌ఎస్‌వీ వంటి వైరస్‌లు కావచ్చు, అరుదుగా శిలీంధ్రాలు కావచ్చు. మింగడం సరిగా రానివారిలో తిండి, లాలాజలం దారితప్పి ఊపిరితిత్తుల్లోకి పోయినా వస్తుంది. మనం న్యుమోనియా టీకా అని పిలుస్తున్నది వీటన్నింటిలో ఒకే ఒక్క బ్యాక్టీరియా మీద పనిచేస్తుంది. దాని పేరు న్యుమోకాకస్. కాబట్టి దీన్ని న్యుమోకాకల్ టీకా అనడమే సరైనది.

ఒక్క సూక్ష్మజీవి కోసం ఇంత ఆలోచన అవసరమా?

అవసరమే. న్యుమోనియా తెచ్చే బ్యాక్టీరియాల్లో ముఖ్యమైనది ఇదే. పైగా ఇది ఊపిరితిత్తుల దగ్గర ఆగకపోవచ్చు. రక్తంలోకి దూరుతుంది, మెదడు పొరల దాకా వెళుతుంది. అక్కడి నుంచి పరిస్థితి గంటల్లో విషమిస్తుంది.

1881లో ఫ్రాన్స్‌లో లూయీ పాశ్చర్, అమెరికాలో జార్జ్ స్టెర్న్‌బర్గ్ విడివిడిగా ఈ బ్యాక్టీరియాను గుర్తించారు. దీని చుట్టూ చక్కెరలతో అల్లిన ఒక తొడుగు ఉంటుంది. మన తెల్లరక్తకణాలు పట్టుకోబోతే జారిపోయేలా చేసేది ఆ తొడుగే. తొడుగు తీరును బట్టి ఈ బ్యాక్టీరియాలో 100కు పైగా రకాలు ఉన్నాయి. టీకాల పేర్ల చివర కనిపించే 13, 20, 23 వంటి అంకెలు వాటిలో ఎన్ని రకాలను ఆ టీకా శరీరానికి పరిచయం చేస్తుందో చెబుతాయి.

ఇది ఎక్కువగా చిన్నపిల్లల ముక్కుల్లో, గొంతుల్లో ఏ బాధా పెట్టకుండా కాపురం ఉంటుంది. వాళ్ల తుమ్ములు, దగ్గుల ద్వారా తాతయ్యలకు, అమ్మమ్మలకు చేరుతుంది. వయసు పైబడినవారిలో రోగనిరోధక వ్యవస్థ మందగిస్తుంది, దగ్గి కఫాన్ని బయటకు నెట్టే బలం తగ్గుతుంది. పిల్లల్లో ఊరకే ఉన్న బ్యాక్టీరియా అలాంటి చోట విజృంభిస్తుంది.

ఇంకో చిక్కు ఉంది. పెద్దవారిలో న్యుమోనియా తనను తాను చెప్పుకోదు. పెద్ద జ్వరం, ఛాతీనొప్పి లేకుండానే మొదలుకావచ్చు. నిన్నటిదాకా బాగున్న మనిషి అన్నం వద్దంటారు, మగతగా ఉంటారు, పొంతన లేకుండా మాట్లాడతారు, లేచి నడవబోయి పడిపోతారు. ఇంట్లోవాళ్లు నీరసం అనుకుంటారు. ఆ అనుకోవడంలోనే విలువైన సమయం పోతుంది.

యాంటీబయాటిక్స్ ఉన్నాయి కదా, జబ్బు వచ్చాక చూసుకోకూడదా?

సరిగ్గా ఈ ఆలోచనతోనే ప్రపంచం ఒకసారి దెబ్బతిన్నది. ఆరు రకాలను ఎదుర్కొనే టీకా 1940ల్లోనే మార్కెట్లోకి వచ్చింది. అప్పుడే పెన్సిలిన్ కూడా వచ్చింది. సూదిమందుతో తగ్గే జబ్బుకు టీకా ఎందుకని వైద్యులు దాన్ని పక్కన పెట్టారు. కొనేవారు లేక ఆ టీకా మార్కెట్ నుంచే వెళ్లిపోయింది.

తరువాత రాబర్ట్ ఆస్ట్రియన్, జెరోమ్ గోల్డ్ అనే వైద్యులు ఆసుపత్రి రికార్డులను ఓపికగా పరిశీలించి 1964లో ఒక విషయం బయటపెట్టారు. బ్యాక్టీరియా రక్తంలోకి చేరినవారిలో మొదటి అయిదు రోజుల్లో జరిగే మరణాలను పెన్సిలిన్ దాదాపు ఆపలేకపోయింది. మందు బ్యాక్టీరియాను చంపుతుంది, కానీ అప్పటికే శరీరంలో రాజుకున్న మంటను ఆర్పడం దాని చేతుల్లో లేదు. మందు వేసినా తగ్గని జబ్బుకు ముందే అడ్డుకట్ట వేయాలని ఆస్ట్రియన్ పట్టుబట్టారు. దక్షిణాఫ్రికా బంగారు గనుల కార్మికుల మధ్య పరీక్షలు జరిగాయి. వాటి ఆధారంగా అమెరికాలో 1977లో 14 రకాల టీకాకు, 1983లో 23 రకాల టీకాకు అనుమతి లభించింది.

ఇప్పటి మందులు, ఐసీయూలు అప్పటికంటే ఎంతో మెరుగు. అయినా కొన్ని యాంటీబయాటిక్స్‌కు లొంగని న్యుమోకాకస్ రకాలు పెరిగాయి. ఇంకో నష్టం ఆసుపత్రి బిల్లులో కనిపించదు. న్యుమోనియాతో ఆసుపత్రిలో చేరిన పెద్దవారికి ఆ తరువాతి వారాల్లో గుండెపోటు ముప్పు పెరుగుతుంది. కొందరు మునుపటిలా తమ పనులు తాము చేసుకునే స్థితికి తిరిగి రారు. ఖర్చు లెక్కించేటప్పుడు దీన్ని వదిలేస్తే ఆ లెక్క సగమే.

మేలు ఎంత? అంకెల్లో చెప్పగలరా?

చెప్పగలను. పెద్దవారిలో ఈ టీకాపై జరిగిన అతిపెద్ద పరీక్షల్లో ఒకటి నెదర్లాండ్స్‌లో జరిగింది, ఫలితాలు 2015లో వెలువడ్డాయి. 65 ఏళ్లు దాటిన సుమారు 84,500 మందిలో సగం మందికి 13 రకాల కాంజుగేట్ టీకా (తొడుగు చక్కెరను ఒక ప్రొటీన్‌కు అతికించి చేసినది), మిగతా సగానికి టీకా లేని ఉత్తుత్తి సూది వేశారు. ఎవరికి ఏది వేశారో వారికి తెలియదు. సగటున నాలుగేళ్లు గమనించారు.

టీకాలో ఉన్న రకాల వల్ల న్యుమోనియా వచ్చినవారు టీకా వర్గంలో 49 మంది, రెండో వర్గంలో 90 మంది. అంటే దాదాపు 46 శాతం తగ్గుదల. ఆ రకాలే రక్తంలోకి పాకిన తీవ్రమైన జబ్బు టీకా వర్గంలో 7 మందికి, రెండో వర్గంలో 28 మందికి వచ్చింది. అంటే 75 శాతం తగ్గుదల. నాలుగేళ్లలో ఆ రక్షణ సన్నగిల్లినట్టు కనిపించలేదు.

ఇవి ప్రకటనల్లో మెరిసే అంకెలు. రెండో వైపు కూడా చూడాలి. అన్ని కారణాల న్యుమోనియాలనూ కలిపి చూస్తే తగ్గుదల 5 శాతమే, అది కాకతాళీయం కాదని గట్టిగా చెప్పలేని తేడా. మరణాల సంఖ్య రెండు వర్గాల్లోనూ దాదాపు సమానం. ఇక మనుషుల లెక్కలో చూస్తే, ఒక్కో వర్గంలో 42 వేల పైచిలుకు మంది ఉండగా తేడా 41 కేసులు. అంటే సుమారు వెయ్యిమందికి టీకా వేస్తే నాలుగేళ్లలో ఒక్కరికి ఆ రకాల న్యుమోనియా తప్పింది.

వెయ్యిమందిలో ఒక్కరికేనా? అయితే ఎందుకు వేయించుకోవాలి?

ఈ అంకె మొదటిసారి చూసినప్పుడు నేనూ నిరుత్సాహపడ్డాను. నిదానంగా ఆలోచించాక అభిప్రాయం మారింది, మూడు కారణాల వల్ల.

ఆ పరీక్షలో చేరినవారు చేరేనాటికి రోగనిరోధక శక్తి దెబ్బతినని మనుషులు. జబ్బు ముప్పు తక్కువగా ఉన్నచోట ఎంత మంచి టీకా అయినా ఆపగలిగేది తక్కువే. నిప్పు అంటుకోని ఇంట్లో నీళ్ల బిందె విలువ తెలియదు కదా. ముప్పు ఎక్కువగా ఉన్న మనిషికి అదే టీకా వల్ల కలిగే మేలు కొన్ని రెట్లు పెరుగుతుంది. పైగా ఆ దేశంలో అప్పటికే పసిపిల్లలకు ఇలాంటి టీకా వేస్తున్నారు కాబట్టి కొన్ని రకాలు చుట్టుపక్కల తగ్గుముఖం పట్టాయి.

రెండోది, ఆసుపత్రికి వచ్చి, పరీక్షల్లో ఫలానా రకమని తేలినవారినే లెక్కలో వేశారు. న్యుమోనియా కేసుల్లో చాలావాటికి కారణం ఏ సూక్ష్మజీవో ఎప్పటికీ తేలదు. కాబట్టి అసలు మేలు లెక్కకు చిక్కినదానికంటే కొంత ఎక్కువే ఉంటుందని నమ్మడం సబబు.

మూడోది, త్రాసులో రెండో పళ్లెం. అటువైపు ఉన్నది ఒక సూది, రెండు రోజుల చేయినొప్పి, కొంత డబ్బు. ఇటువైపు ఉన్నది చిన్న అవకాశమే అయినా మనిషిని మంచానికి అతికించగల జబ్బు. ఇల్లు కాలే అవకాశం చాలా తక్కువని తెలిసే కదా బీమా కడతాం. ఖర్చు భరించగలిగినవారు వేయించుకోవడమే మంచిదన్నది నా నిశ్చితాభిప్రాయం. అయితే ఆరోగ్యంగా ఉన్న 65 ఏళ్ల మనిషి దీనికోసం అప్పు చేయనక్కర్లేదు.

ఎవరికి మేలు ఎక్కువ?

పొగతాగేవారికి, ఉబ్బసం, సీఓపీడీ వంటి దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బులు ఉన్నవారికి, గుండె వైఫల్యం, మధుమేహం, కాలేయ వ్యాధి ఉన్నవారికి, మద్యం అతిగా తాగేవారికి. వీరికంటే పైమెట్టులో మూత్రపిండాలు విఫలమైనవారు, క్యాన్సర్ చికిత్స పొందుతున్నవారు, అవయవ మార్పిడి చేయించుకున్నవారు, హెచ్‌ఐవీ ఉన్నవారు, రోగనిరోధక శక్తిని అణచే మందులు వాడేవారు ఉన్నారు. వినికిడి కోసం కాక్లియర్ ఇంప్లాంట్ అమర్చుకున్నవారికి ఈ బ్యాక్టీరియా వల్ల మెదడు పొరల వాపు వచ్చే ముప్పు ఉంది.

ప్లీహం తీసేసినవారి సంగతి వేరుగా చెప్పాలి. తొడుగు ఉన్న బ్యాక్టీరియాను రక్తం నుంచి ప్రధానంగా వడకట్టే అవయవం ప్లీహమే. అది లేకపోతే ఉదయం జ్వరంగా మొదలైనది సాయంత్రానికి ప్రాణం మీదికి రావచ్చు. వీరి విషయంలో ఖర్చు, మేలు అని తూచే పనే లేదు. ముందుగా అనుకున్న శస్త్రచికిత్స అయితే కనీసం రెండు వారాల ముందే టీకా పడాలి.

ఈ జాబితాలో ఉన్నవారు వయసుతో సంబంధం లేకుండా వైద్యుణ్ని అడగాలి. అందరూ 65 నిండేదాకా ఆగనక్కర్లేదు.

దుష్ప్రభావాలు ఎలా ఉంటాయి?

సూది వేసినచోట నొప్పి, కొద్దిగా వాపు, ఎర్రబారడం. కొందరికి ఒళ్లునొప్పులు, తలనొప్పి, అలసట, స్వల్ప జ్వరం. ఇవి ఒకటి నుంచి మూడు రోజుల్లో పోతాయి. మా అమ్మ ఆ చెయ్యి ఎత్తి జడ వేసుకోవడానికి రెండు రోజులు ఇబ్బంది పడింది, మూడో రోజుకు మరచిపోయింది.

తీవ్రమైన అలర్జీ సుమారు పది లక్షల డోసుల్లో ఒకరికి కనిపించేంత అరుదు. అది కూడా ఎక్కువగా నిమిషాల్లోనే బయటపడుతుంది. సూది వేశాక పదిహేను నిమిషాలు అక్కడే కూర్చోమనేది అందుకే, తొందరపడి వెళ్లిపోకండి. గతంలో ఇదే టీకాకు, లేదా డిఫ్తీరియా అంశం ఉన్న టీకాకు తీవ్రమైన అలర్జీ వచ్చినవారు ఆ సంగతి ముందే చెప్పాలి. కాంజుగేట్ టీకాల్లో డిఫ్తీరియాకు సంబంధించిన, విషగుణం లేని ఒక ప్రొటీన్ ఉంటుంది.

టీకా వల్లే న్యుమోనియా వస్తుందని విన్నాను. నిజమా?

కాదు. టీకాలో బ్రతికి ఉన్న బ్యాక్టీరియా లేదు, చచ్చిన బ్యాక్టీరియా కూడా లేదు. ఈ బ్యాక్టీరియా నుంచి తీసుకున్నవి తొడుగులోని చక్కెర ముక్కలు మాత్రమే. టీకా వేసిన వారంలో ఎవరికైనా న్యుమోనియా వస్తే అది అప్పటికే లోపల మొదలైనదో, వేరే కారణం వల్ల వచ్చినదో అయి ఉంటుంది. రక్షణ ఏర్పడడానికి కూడా రెండు మూడు వారాలు పడుతుంది.

పాలీసాకరైడ్, కాంజుగేట్ అని రెండు రకాలంటున్నారు. తేడా ఏమిటి?

పాలీసాకరైడ్ టీకాలో 23 రకాల తొడుగు చక్కెరలు ఉత్తగా ఉంటాయి. శరీరం వాటిని చూసి ప్రతిరక్షకాలు తయారుచేస్తుంది కానీ జ్ఞాపకం పెట్టుకోదు. కొన్నేళ్లలో రక్షణ తగ్గిపోతుంది. మళ్లీ మళ్లీ వేస్తే స్పందన మొదటిసారి కంటే మందగించే అవకాశం కూడా ఉంది. రక్తంలోకి పాకే జబ్బుపై ఇది బాగా పనిచేస్తుందనడానికి గట్టి ఆధారాలున్నాయి. రక్తంలోకి చేరని మామూలు న్యుమోనియా విషయంలో ఆధారాలు అంత నిలకడగా లేవు.

కాంజుగేట్ టీకాలో ఆ చక్కెరను ఒక ప్రొటీన్‌కు అతికిస్తారు. దాంతో టీ కణాలు అనే తెల్లరక్తకణాలు రంగంలోకి దిగుతాయి, శరీరానికి జ్ఞాపకం మిగులుతుంది. న్యుమోకాకల్ కాంజుగేట్ టీకాను ఇంగ్లిషు పొడి అక్షరాల్లో పీసీవీ అంటారు. పీసీవీ13 తరువాత 2021లో పీసీవీ15, పీసీవీ20, 2024లో పెద్దల కోసమే రూపొందించిన పీసీవీ21 అమెరికాలో అనుమతి పొందాయి. పీసీవీ20 గానీ పీసీవీ21 గానీ ఒక్క డోసు వేస్తే సాధారణంగా పని ముగిసినట్టే. పీసీవీ15 అయితే మామూలుగా ఏడాది తరువాత 23 రకాల పాలీసాకరైడ్ టీకా కూడా వేస్తారు.

ఇప్పటికే పాలీసాకరైడ్ టీకా వేయించుకున్నవారు కనీసం ఏడాది ఆగి కాంజుగేట్ వేయించుకోవచ్చు.

పెద్ద అంకె ఉన్న టీకానే మంచిదా?

అలా చెప్పలేం. 23 అన్న అంకె 20 కంటే పెద్దదే అయినా పైన చెప్పిన జ్ఞాపకం సంగతి వల్ల కాంజుగేట్‌దే పైచేయి. మీ ప్రాంతంలో ఏ రకాలు తిరుగుతున్నాయన్నది ఇంకా ముఖ్యం. పీసీవీ21లో మిగతావాటిలో లేని ఎనిమిది రకాలు ఉన్నాయి, కానీ పాత టీకాల్లో ఉన్న 4వ రకం లేదు. 4వ రకం ఎక్కువగా ఉన్నచోట పీసీవీ20 మెరుగు. 3వ రకం ఇన్ని టీకాల్లో ఉన్నా మొండిగానే ఉంది, దాని తొడుగు మందం.

కొత్త టీకాలకు అనుమతి ఇచ్చింది ప్రధానంగా రక్తంలో ప్రతిరక్షకాలు ఎంత పెరిగాయో కొలిచి. నెదర్లాండ్స్ పరీక్షలా వేలమందిలో జబ్బు తగ్గుదలను లెక్కించి కాదు. ఇది వాటిని అనుమానించడానికి కారణం కాదు, ప్రకటనల్లోని ప్రతి మాటనూ కొలిచి చూడడానికి మాత్రం కారణమే.

ఇంట్లో మనవలకు ఈ టీకా వేయించాం. పెద్దలకు వేరే అవసరమా?

పిల్లలకు టీకా వేసినప్పుడు వాళ్ల ముక్కుల్లో ఆ రకాలు తగ్గుతాయి, అక్కడి నుంచి పెద్దలకు చేరడం తగ్గుతుంది. పసిపిల్లలకు అందరికీ టీకా వేసిన దేశాల్లో వృద్ధుల్లోనూ ఆ రకాల జబ్బు బాగా తగ్గింది. పెద్దలకు ఒక్క సూది పడకుండానే దక్కిన మేలు అది. టీకాల చరిత్రలో నాకు చాలా ఇష్టమైన సంగతుల్లో ఇదొకటి.

కానీ ఖాళీ అయిన చోట్లను వేరే రకాలు ఆక్రమించుకుంటాయి. వాటికోసమే టీకాల్లో రకాల సంఖ్య పెంచుతూ వస్తున్నారు. పిల్లల టీకా పెద్దలను కొంతవరకు కాస్తుంది, పూర్తిగా కాదు. ముప్పు కారణాలు ఉన్న పెద్దవారు దానిమీదే ఆధారపడకూడదు.

ప్రభుత్వాలు ఈ లెక్క ఎలా వేస్తాయి?

ఒక మనిషికి ఆరోగ్యంగా గడిచే ఒక ఏడాదిని అదనంగా అందించడానికి ఎంత ఖర్చవుతుందని చూస్తాయి. టీకా ధర, దాన్ని వేసే ఖర్చు ఒకవైపు, తప్పిన ఆసుపత్రి ఖర్చులు, నిలిచిన జీవితకాలం మరోవైపు. పిల్లల టీకా వల్ల పెద్దల్లో జబ్బు ఎంత తగ్గితే పెద్దల టీకాకు పెట్టే ఖర్చు అంత భారంగా కనిపిస్తుంది. అందుకే దేశానికో విధానం ఉంది. బ్రిటన్‌లో మామూలుగా 65 ఏళ్లకు ఇస్తారు. అమెరికాలో 65గా ఉన్న వయసును 2024లో 50కి తగ్గించారు.

ప్రభుత్వం లెక్క లక్షలమంది సగటు మీద వేసినది. మీ లెక్క మీ ఒక్కరిది. రెండూ వేరైనా తప్పేమీ కాదు.

డబ్బు పరిమితంగా ఉంది. దేనికి మొదట పెట్టాలి?

ఉచితంగా గానీ బీమా కింద గానీ దొరుకుతుందేమో ముందు కనుక్కోండి. దొరకకపోతే ఇంట్లో అందరికీ ఒకేసారి కాకుండా, పైన చెప్పిన జబ్బులు ఉన్న మనిషికి మొదట వేయించండి. పొగతాగే అలవాటు ఉంటే మానడం వల్ల ఖర్చు లేకుండానే ముప్పు తగ్గుతుంది. రోజూ పళ్లు, కట్టుడు పళ్లు శుభ్రంగా తోముకోవడం కూడా చిన్న విషయం కాదు. నోట్లోని బ్యాక్టీరియాయే నిద్రలో ఊపిరితిత్తుల్లోకి జారుతుంది.

ఫ్లూ టీకాతో కలిపి వేయించుకోవచ్చా?

ఒకే రోజు, వేర్వేరు చేతులకు వేయించుకోవచ్చు. కలిపి వేయించుకోవడంలో అర్థం కూడా ఉంది. ఫ్లూ ఊపిరితిత్తుల లోపలి పొరను దెబ్బతీసి బ్యాక్టీరియాకు దారి తెరుస్తుంది. 1918 నాటి ఫ్లూ మహమ్మారిలో మరణాల్లో ఎక్కువ భాగం ఆ వెనుక వచ్చిన బ్యాక్టీరియా న్యుమోనియా వల్లేనని తరువాతి పరిశోధనల్లో తేలింది. ఫ్లూ టీకా ఏటా వేయించుకోవాలి, న్యుమోకాకల్ టీకా అలా కాదు. దీనికి రుతువుతో పనిలేదు.

ఒకసారి న్యుమోనియా వచ్చి తగ్గింది. ఇక అక్కర్లేదా?

అక్కర ఉంది. వచ్చినది న్యుమోకాకస్ వల్లే అయినా ఆ ఒక్క రకానికే కొంత రక్షణ దక్కుతుంది. ఒకసారి వచ్చినవారికి మళ్లీ వచ్చే ముప్పు కూడా ఎక్కువే. పూర్తిగా కోలుకున్నాక వేయించుకోండి.

రక్తం పలచబరిచే మందులు వాడుతున్నాను.

వేయించుకోవచ్చు. సన్నని సూది వాడమని చెప్పి, తరువాత రెండు నిమిషాలు రుద్దకుండా గట్టిగా అదిమి పట్టండి. మందు ఆపనక్కర్లేదు.

మంచంలోనే ఉన్న తొంభై ఏళ్ల అమ్మమ్మకు ఇప్పుడు ఈ టీకా ఎందుకు?

ఇది అన్నింటికంటే కష్టమైన ప్రశ్న. న్యుమోనియాను వృద్ధుల నేస్తమని వర్ణించిన కాలం ఒకటుంది, బాధ లేకుండా తీసుకుపోతుందని దాని భావం. ఆయాసంతో ఊపిరి అందక కొట్టుకులాడే మనిషి పక్కన ఒక రాత్రి కూర్చున్నవారు ఆ మాట అనలేరు.

జపాన్‌లోని వృద్ధాశ్రమాల్లో ఉండే వెయ్యిమందికి పైగా వృద్ధులపై 23 రకాల టీకాతో జరిగిన పరీక్ష ఫలితాలు 2010లో వచ్చాయి. టీకా వేయించుకున్నవారిలో న్యుమోకాకల్ న్యుమోనియా దాదాపు 64 శాతం తగ్గింది, మొత్తం న్యుమోనియాలు 45 శాతం వరకు తగ్గాయి. ముప్పు ఎక్కువగా ఉన్నచోట ఒక మామూలు టీకా కూడా ఎంత చేయగలదో ఇది చూపింది. వయసు మీరిందన్న ఒక్క కారణంతో వద్దనుకోకండి.

అయితే జీవితం చివరి వారాల్లో ఉన్న మనిషికి ఇది అవసరం లేదు. ఆ ఇద్దరి మధ్య తేడాను మీరు, వైద్యులు కలిసి చూడాలి. అన్నింటికంటే ముందు, మాట్లాడగలిగితే, ఆవిడనే అడగాలి.

వేయించుకున్నాక ఏం గుర్తుపెట్టుకోవాలి?

టీకా పేరు, వేసిన తేదీ ఒక కాగితం మీద రాసి, రోజూ వాడే మందుల చీటీతో కలిపి ఉంచండి. నాలుగేళ్ల తరువాత ఇంకో వైద్యుడు అడిగితే అది వేశారో ఇది వేశారో ఎవరికీ గుర్తుండదు, అనవసరంగా మళ్లీ వేయాల్సి వస్తుంది.

టీకా పడింది కదా అన్న ధీమాతో లక్షణాలను తేలిగ్గా తీసుకోకండి. ఊపిరి వేగంగా తీసుకుంటున్నా, పెదవులు నీలిరంగుకు తిరుగుతున్నా, మాటల్లో కొత్తగా తికమక కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఏ టీకా, ఎప్పుడు వేశారో రాసిన కాగితం కూడా వెంట తీసుకెళ్లండి.